పిల్లలతో ఓడ ప్రయాణం

నేల కనిపించని చోట నాలుగు రోజులు గడపడం కుటుంబానికి అపురూపమైన సెలవు. కాని ఓడ ఎక్కిన తల్లిదండ్రులు ఒక్క పనికి మాత్రం సెలవు పెట్టరాదు.

రేవు గట్టుకు కట్టిన మోకులను ఒక్కొక్కటిగా విప్పుతారు. టగ్గు పడవ ఒకటి ఓడను మెల్లగా పక్కకు లాగుతుంది. గట్టుకూ ఓడకూ నడుమ నీటి చార క్రమంగా వెడల్పవుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. ఆ క్షణాన తల్లిదండ్రుల గుండె మీది నుండి ఒక బరువు దిగిపోతుంది. ఇక సామాను మోయనక్కరలేదు. రైలు తప్పిపోతుందన్న బెంగ లేదు. వంట లేదు. రోడ్డు దాటేటప్పుడు పిల్లవాని చేయి పట్టుకోవలసిన పని లేదు. ఓడ అంటే ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంటికి వీధి లేదు. పిల్లవాడు ఎక్కడకు పోగలడు?

ఈ ప్రశ్నలోనే అసలు ప్రమాదం దాగి ఉన్నది. ఓడలో భద్రతకు ఏర్పాట్లు లేక కాదు. నేల మీది ఏ హోటలులోనూ లేనన్ని ఏర్పాట్లు అక్కడ ఉంటాయి. కాని వాటిని చూసి తల్లిదండ్రులు తమ కాపలాను సడలిస్తారు. ఓడ ప్రయాణం పిల్లలకు జీవితాంతం గుర్తుండే ఆనందాన్ని ఇవ్వగలదు. అయితే ఆ ఆనందానికి ధర టిక్కెట్టు ఒక్కటే కాదు. పెద్దవారిలో ఎవరో ఒకరు ఎల్లప్పుడూ మెలకువగా ఉండడం కూడా.

కొత్త సరదా, పాత దారి

విహారం కోసమే ఓడ ఎక్కడం మన దేశంలో ఇటీవలి మాట. లోకంలోనైనా దాని చరిత్ర మరీ పాతది కాదు. శీతకాలంలో ప్రయాణికులు లేక ఖాళీగా ఉండే ఓడను ఏం చేయాలన్న ఆలోచనతో జర్మనీకి చెందిన ఓడల వ్యాపారి ఆల్బర్ట్ బల్లిన్ 1891 జనవరిలో 'అగస్టా విక్టోరియా'ను మధ్యధరా సముద్రానికి విహారయాత్రకు పంపించాడు. నేటి విహార నౌకలకు అది మూలపురుషుని వంటిది.

తెలుగువారికి మాత్రం సముద్రం పరాయిది కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండి ఒకప్పుడు వేలాది మంది కూలి కోసం స్టీమర్లెక్కి బంగాళాఖాతం దాటి రంగూనుకు వెళ్ళారు. 'రంగం వెళ్ళాడు' అన్న మాట ఉత్తరాంధ్రలో ఇంటింటి మాట. వారి ప్రయాణం విహారం కాదు. డెక్కు మీద చాపలు పరచుకుని, మూటల నడుమ బిడ్డలను పడుకోబెట్టుకుని సాగిన బ్రతుకు తెరువు.

నేడు భారతీయ కుటుంబానికి రెండు రకాల ఓడలు అందుబాటులో ఉన్నాయి. మొదటిది అండమాన్‌కు వెళ్ళే ప్రయాణికుల ఓడ. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి పోర్ట్ బ్లెయిర్‌కు – 2024లో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు – ఈ ఓడలు నడుస్తాయి. చెన్నై నుండి దూరం సుమారు 1,190 కిలోమీటర్లు; ప్రయాణానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డులో తయారైన 'స్వరాజ్ ద్వీప్' ఈ దారిన తిరిగిన ఓడలలో ఒకటి. ఇందులో ఆడంబరం లేదు. బంకు తరగతిలో వరుసగా పడకలు, ఉమ్మడి స్నానాల గదులు, వేళకు భోజనం. సొంత కాబిన్ కావాలంటే పై తరగతి టిక్కెట్టు కొనాలి.

రెండవది విహార నౌక. 1990లో ఫ్రాన్సులో తయారై, అనేక సంవత్సరాలు అమెరికా వైపు తిరిగిన ఓడ ఒకటి 'ఎంప్రెస్' అన్న పేరుతో 2021లో ముంబయి నుండి భారతీయ ప్రయాణికులతో విహారం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అది విశాఖపట్నం నుండి కూడా పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణించింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార నౌకల కోసమే ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభమయింది. ఇటువంటి ఓడలలో ఈతకొలను, ఆటల గది, నాటకశాల, పిల్లల క్లబ్బు అన్నీ ఉంటాయి.

ఓడ ఏదైనా, దాని వెనుక ఉన్న సముద్రం ఒక్కటే. అందుచేత నియమాలు కూడా ఒక్కటే.

ఎప్పుడు, ఎవరితో?

ముందుగా నెల చూసుకోవాలి. ఓడను చూసుకోవడం తరువాత. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వలన అరేబియా సముద్రం పొంగి ఉంటుంది. బంగాళాఖాతంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. మే నెలలో కూడా తుఫానులు పుట్టవచ్చును. జనవరి నుండి ఏప్రిల్ వరకు అండమాన్ దారి సాధారణంగా శాంతంగా ఉంటుంది. బడి సెలవులను బట్టి మాత్రమే కాక, సముద్రం తీరును బట్టి కూడా తేదీలు నిర్ణయించుకోవాలి. మొదటిసారి వెళ్ళేవారు రెండు, మూడు రాత్రుల చిన్న ప్రయాణంతో ప్రారంభించడం ఉత్తమం.

చాలా విహార నౌకలలో ఆరు నెలలు నిండని పసికందులను ఎక్కించుకోరు. సుదీర్ఘమైన మహాసముద్ర యాత్రలకు పన్నెండు నెలలు నిండాలంటారు. 24 వారాలు నిండిన గర్భిణులకు కూడా సాధారణంగా అనుమతి ఉండదు. ఈ నియమాలు కంపెనీ కాఠిన్యం కాదు. ఓడలో వైద్యుడు ఉంటాడు గాని పిల్లల వైద్య నిపుణుడు ఉండడం అరుదు. పెద్దాసుపత్రి గంటల, ఒక్కొక్కప్పుడు రోజుల దూరంలో ఉంటుంది. ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉన్న పిల్లల మందులను ప్రయాణపు రోజులకు రెట్టింపు లెక్కన తీసుకుని, పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచుకోవాలి. పెద్ద సామాను కాబిన్‌కు చేరడానికి ఒక్కొక్కసారి సాయంత్రమవుతుంది.

కాగితాల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. దేశంలోని రేవుల మధ్య ప్రయాణానికి పెద్దలకు గుర్తింపు కార్డు, పిల్లలకు జనన ధ్రువపత్రం లేక ఆధార్ సిద్ధంగా ఉండాలి. ఓడ శ్రీలంక వంటి పొరుగు దేశపు రేవుకు వెళుతున్నదంటే చంటిబిడ్డకు సైతం పాస్‌పోర్టు కావాలి. మైనర్ల పాస్‌పోర్టు సాధారణంగా పెద్దలదానివలె పదేళ్ళు చెల్లదు. అయిదేళ్ళు, లేదా పద్ధెనిమిదేళ్ళు నిండేవరకు – ఏది ముందయితే అంతవరకే. రేవులో తిరిగి తెలుసుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఓడ ఊగినప్పుడు

ఆంగ్లంలో వికారానికి వాడే 'నాసియా' అన్న మాట గ్రీకు భాషలో ఓడను తెలిపే పదం నుండి పుట్టింది. ఓడ, వికారం అంత పాత స్నేహితులు!

కారణం కడుపులో లేదు, చెవిలో ఉన్నది. లోపలి చెవిలో ఉండే సమతౌల్య యంత్రం శరీరం కదులుతున్నదని మెదడుకు చెబుతుంది. కాబిన్‌లో కూర్చున్న కళ్ళు మాత్రం గోడలు కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమకపడుతుంది. దాని ఫలితమే వికారం. విచిత్రమేమిటంటే రెండేళ్ళలోపు పసివారికి ఇది అరుదు. రెండు నుండి పన్నెండేళ్ళ వయసు వారినే ఎక్కువగా పట్టి పీడిస్తుంది.

చికిత్స కంటె జాగ్రత్త మేలు. ఉయ్యాల బల్ల కొసలు లేచి దిగుతాయి, నడిమి భాగం మాత్రం అంతగా కదలదు. ఓడ కూడా అంతే. అందుచేత ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో ఉండే కాబిన్ పిల్లలున్న కుటుంబానికి శ్రేష్ఠం. పై అంతస్తు కాబిన్ ధర హెచ్చు, ఊపు కూడా హెచ్చే. వికారం మొదలయిందనిపించగానే పిల్లవానిని డెక్కు మీదికి తీసుకువచ్చి, చల్లగాలి తగిలేలా కూర్చోబెట్టి, దూరాన నింగీ నీరూ కలిసే గీతను చూడమనాలి. కళ్ళకూ చెవికీ అప్పుడు రాజీ కుదురుతుంది. పుస్తకం, ఫోను బొమ్మలు ఆ సమయంలో విషంతో సమానం. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. బిస్కట్లు, మరమరాలు, పెరుగన్నం కొద్దికొద్దిగా పెట్టవచ్చును. అల్లం కొంత ఉపశమనం ఇస్తుందని చెబుతారు. అమ్మమ్మ సంచిలోని అల్లం మురబ్బాకు ఇక్కడ మంచి గౌరవం దక్కుతుంది.

మందుల కథ కూడా ఆసక్తికరమైనదే. 1940 దశాబ్ది చివర అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో ఎలర్జీకి కొత్త మందు వాడుతున్న ఒక రోగి, ట్రాం బండిలో తనకు ఎప్పుడూ వచ్చే వికారం రావడం లేదని గమనించింది. వైద్యులు ఆ మాటను కొట్టిపారేయక, అట్లాంటిక్ దాటుతున్న సైనికుల ఓడలో ఆ మందును పరీక్షించి చూశారు. అదే నేటికీ వాడుకలో ఉన్న డైమెన్‌హైడ్రినేట్. ఇటువంటి మందులను వికారం వచ్చిన తరువాత గాక, ముందుగానే వేయాలి. అప్పుడే పని చేస్తాయి. అయితే రెండేళ్ళలోపు బిడ్డలకు ఇవి తగవు. ప్రోమెథజైన్ అనే మరొక మందు ఆ వయసు వారికి శ్వాస ఆగిపోయేంత ప్రమాదం కలిగించవచ్చును. చెవి వెనుక అంటించే స్కోపలమైన్ పట్టీలు పిల్లలకు పనికిరావు. కనుక ప్రయాణానికి ముందే పిల్లల వైద్యుని అడిగి, మోతాదు రాయించుకోవడం తెలివైన పని.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత

ఓడ కదలడానికి ముందో, కదిలిన వెంటనేనో ఒక డ్రిల్లు ఉంటుంది. ఫలహారశాల ఆకర్షిస్తూ ఉంటుంది. పిల్లలు కొలను దగ్గరకు పరుగెత్తుతుంటారు. ఆ వేళ ఈ డ్రిల్లు విసుగనిపిస్తుంది. అది విసుగు పుట్టించే తంతు కాదని చెప్పడానికి రెండు ఓడలు సాక్ష్యం.

1912 ఏప్రిల్‌లో 'టైటానిక్' మునిగినప్పుడు, బ్రిటిష్ విచారణ సంఘం లెక్కల ప్రకారం, మూడవ తరగతిలోని 79 మంది పిల్లలలో బ్రతికినవారు 27 మంది మాత్రమే. రెండవ తరగతిలోని పిల్లలందరూ బ్రతికారు. ఆ తల్లిదండ్రులకు బిడ్డలపై ప్రేమ తక్కువ కాదు. వారి గదులు ఓడ అడుగున ఉన్నాయి. లైఫ్‌బోట్లు పై డెక్కు మీద ఉన్నాయి. నడుమ దారి వారికి తెలియదు. ఆ దుర్ఘటన ఫలితంగానే 1914లో లండన్‌లో పలు దేశాలు కూడి సముద్రంపై ప్రాణరక్షణకు తొలి అంతర్జాతీయ ఒడంబడిక చేసుకున్నాయి.

ఆ తరువాత దాదాపు నూరేళ్ళకు, 2012 జనవరి 13 రాత్రి, 'కోస్టా కాంకార్డియా' అనే విహార నౌక ఇటలీకి చెందిన జిల్యో దీవి దగ్గర రాతికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆనాటి సాయంత్రమే ఓడ ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు. ప్రయాణికులు ఎక్కిన 24 గంటలలోగా జరిపితే చాలునని అప్పటి నియమం. ఆ దుర్ఘటన తరువాత నియమాన్ని మార్చారు. 2015 జనవరి 1 నుండి ఓడ బయలుదేరే ముందుగానీ, బయలుదేరిన వెంటనే గానీ డ్రిల్లు జరిగి తీరాలి.

ఇప్పుడు కొన్ని ఓడలలో ఈ శిక్షణలో కొంత భాగాన్ని ఫోనులోనో, కాబిన్ టీవీలోనో చూపించి, తరువాత ప్రయాణికులు తమకు కేటాయించిన సమావేశ స్థలానికి వెళ్ళి హాజరు వేయించుకుంటే చాలునంటున్నారు. పిల్లలున్నవారు అంతటితో తృప్తిపడరాదు. కాబిన్ తలుపు నుండి ఆ స్థలం దాకా పిల్లలతో కలిసి రెండుసార్లు నడవాలి – ఒకసారి పెద్దలు దారి చూపుతూ, రెండవసారి పిల్లలు దారి చూపుతూ. లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా వెళ్ళాలి. ఆపదలో లిఫ్టు ఎక్కరాదు. ఏడు పొట్టి కూతలు, వాటి వెనుక ఒక పొడవాటి కూత – ఇది ఓడలలో ఆపద సంకేతం. ఎనిమిదేళ్ళ పిల్లలు దీనిని ఎక్కాల కంటె త్వరగా నేర్చుకుంటారు.

మరొక ప్రశ్న అడగడం మరువరాదు: సంకేతం మోగే వేళకు బిడ్డ పిల్లల క్లబ్బులో ఉంటే ఏమి చేస్తారు? అనేక ఓడలలో పిల్లల మణికట్టుకు వారి సమావేశ స్థలం గుర్తుతో పట్టీ కడతారు. సిబ్బందే వారిని అక్కడకు చేర్చుతారు. ఆ ఏర్పాటు ఉన్నదని తెలిసినవారు జనప్రవాహానికి ఎదురు పరుగెత్తరు.

జాకెట్టు బిడ్డకు సరిపోయిందా?

లైఫ్ జాకెట్టు ప్రాముఖ్యం తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళుతున్న పర్యాటకుల బోటు కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి, సుమారు 50 మంది మరణించారు. నది అయినా సముద్రమైనా, జాకెట్టు ఉండడం వేరు, ఒంటి మీద ఉండడం వేరు, సరిగా ఉండడం వేరు.

అంతర్జాతీయ నియమాలు జాకెట్లను మూడు కొలతలుగా విభజించాయి: 15 కిలోల లోపు పసివారికి ఒకటి, 15 నుండి 43 కిలోల వరకు పిల్లలకు ఒకటి, ఆపైన పెద్దలకు ఒకటి. 24 గంటలు దాటే ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ తగిన జాకెట్టు ఉండాలి. కాని కాబిన్ అలమారలో సాధారణంగా పెద్దవారివే పెట్టి ఉంటాయి. కనుక ఎక్కిన గంటలోగా కాబిన్ సేవకుని అడిగి పిల్లల జాకెట్లు తెప్పించుకోవాలి. తొడిగిన తరువాత రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది నీటిలో బిడ్డను వదిలి తాను తేలుతుంది. కాళ్ళ మధ్య నుండి వచ్చే పట్టీ ఉంటే దానిని తప్పక బిగించాలి.

కమ్మీ మీద కూర్చున్న పిల్లవాడు

ఓడ డెక్కు అంచున ఉండే కమ్మీ సాధారణంగా మీటరు ఎత్తు గాని, అంతకు కొంచెం హెచ్చుగాని ఉంటుంది. నిలబడిన పిల్లవాని ప్రాణానికి అది చాలినంత అడ్డు. కాని ఎక్కిన పిల్లవానికి అది అడ్డే కాదు. బాల్కనీ ఉన్న కాబిన్‌లో ఒక కుర్చీ కమ్మీ దగ్గరకు జరిగిందంటే ఆ మీటరు ఎత్తు మోకాలి ఎత్తయిపోతుంది. అందుచేత చిన్నపిల్లలున్నవారు బాల్కనీ లేని కాబిన్ తీసుకుంటే డబ్బూ ఆదా, నిద్రా ఆదా. బాల్కనీయే కావాలనుకుంటే కుర్చీలు లోపలికి తెచ్చి, పై గడియ వేసి, పెద్దవారు లేకుండా తలుపు తీయరాదన్న నియమం మొదటి రోజునే పెట్టాలి.

2025 జూన్ చివర బహామా దీవుల నుండి అమెరికాకు తిరిగి వస్తున్న ఒక విహార నౌక నుండి ఒక బాలిక సముద్రంలో పడిపోయింది. తండ్రి వెనువెంటనే దూకి బిడ్డను పట్టుకున్నాడు. సిబ్బంది పడవ దించి ఇద్దరినీ ప్రాణాలతో పైకి తెచ్చారు. లోకమంతా ఆ తండ్రిని మెచ్చుకున్నది. ఆ కథలో గమనించవలసిన మరొక అంశం అంకగణితానికి సంబంధించినది. 20 నాట్ల వేగంతో వెళ్ళే ఓడ ఒక్క నిమిషంలో 600 మీటర్లకు పైగా ముందుకు సాగిపోతుంది. అంతటి ఓడ ఆగి, తిరిగి, వెదకి, పడవ దించేలోగా నీటిలోని తల అలల నడుమ కొబ్బరికాయ కంటె చిన్నదిగా కనిపిస్తుంది. ప్రతి కథా అంత శుభంగా ముగియదు. ఫోటో కోసం పిల్లలను కమ్మీ మీద కూర్చోబెట్టే అలవాటు ఎంత అమాయకంగా కనిపించినా, దానిని మానుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలును.

ఈతకొలను అంతకంటె మోసకారి. సముద్రాన్ని చూసి భయపడే తల్లి కొలనును చూసి భయపడదు. కాని ఇప్పటికీ అనేక విహార నౌకలలో కొలను దగ్గర ప్రత్యేకంగా కాపలా ఈతగాళ్ళు ఉండరు. 'పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే' అన్న బోర్డు మాత్రం ఉంటుంది. మునిగిపోయే పిల్లవాడు సినిమాలో వలె చేతులు ఆడించి కేకలు వేయడు. అమెరికాలో ఈతగాళ్ళకు శిక్షణ ఇచ్చిన ఫ్రాంక్ పియా అనే ఆయన ఇటువంటి సంఘటనలను చలనచిత్రాలు తీసి పరిశీలించాడు. మునిగేవారు ఇరవై నుండి అరవై సెకన్లు మాత్రమే నీటిపై పెనగులాడుతారనీ, ఆ సమయంలో వారి నోటి నుండి శబ్దం రాదనీ ఆయన తేల్చాడు. ఊపిరి కోసమే చాలని నోరు కేకకు ఎలా చాలుతుంది?

మన కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. తాత, నాయనమ్మ, బాబాయి, పిన్ని – పదిమంది కలిసి వెళతారు. పదిమంది ఉన్నారు గదా అని ప్రతివారూ నిశ్చింతగా ఉంటారు. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదన్నమాట! దీనికి నీటి భద్రతా సంస్థలు ఒక చిన్న ఉపాయం చెబుతున్నాయి. పెద్దవారిలో ఒకరు పావుగంటో, అరగంటో కాపలా బాధ్యత తీసుకుంటారు. మెడలో ఒక కార్డు వేసుకుంటారు. ఆ సమయంలో వారు ఫోను చూడరు, పుస్తకం చదవరు, పేకాడరు. సమయం కాగానే 'ఇక మీ వంతు' అని నోటితో చెప్పి, కార్డును మరొకరి మెడలో వేస్తారు. మిగిలినవారందరూ ఆ వేళ నిజంగా విశ్రాంతి పొందుతారు. పది మందికీ సెలవు దొరకాలంటే ఒక్కరికి పని ఉండాలి.

చేతులు, భోజనం, బిల్లు

వేలాది మంది ఒకే చోట తిని, ఒకే కమ్మీలు పట్టుకునే ఓడలో వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ ఒకరి నుండి ఒకరికి వేగంగా పాకుతుంది. భోజనశాల వాకిట్లో చేతులపై చల్లే ఆల్కహాలు ద్రవం ఈ క్రిమిపై అంతగా పని చేయదు. సబ్బు, నీరు పని చేస్తాయి. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం మన ఇళ్ళలో పాత ఆచారమే; ఓడలో దానిని మానకుంటే చాలు. సంచిలో నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోవాలి. నాపీ వేసే పసివారిని అనేక ఓడలలో కొలనులోకి రానివ్వరు. పిల్లల క్లబ్బు కూడా సాధారణంగా మూడేళ్ళు నిండి, సొంతంగా మరుగుదొడ్డికి వెళ్ళగలిగినవారికే. ఈ రెండు సంగతులూ టిక్కెట్టు కొనకముందే తెలుసుకోవడం మంచిది.

ఖర్చు సంగతి కూడా ఒక మాట. టిక్కెట్టులో భోజనం, వసతి చేరి ఉంటాయి. శీతల పానీయాలు, ఆటల యంత్రాలు, ఇంటర్నెట్, రేవులో దిగి చేసే యాత్రలు చాలాచోట్ల వేరు. ఓడలో నోట్లు కనిపించవు. గది కార్డు చూపితే చాలు. పిల్లవాని చేతిలో ఆ కార్డు తాళం లేని బీరువాతో సమానం. మొదటి రోజే కౌంటరులో చెప్పి పిల్లల కార్డుతో కొనుగోళ్ళు జరగకుండా చేయించవచ్చును. తీరం దాటగానే ఫోన్లను 'ఫ్లైట్ మోడ్'లో పెట్టాలి. ఓడ సొంత మొబైల్ సంకేతాన్ని అందుకున్న ఫోను మీకు తెలియకుండానే పెద్ద బిల్లు తెస్తుంది.

సముద్రం నేర్పే పాఠాలు

ఇన్ని జాగ్రత్తలూ ఎందుకు? ఇంట్లోనే ఉండిపోతే పోలేదా? పోదు. పిల్లలకు ఓడ మాత్రమే ఇవ్వగలిగినవి కొన్ని ఉన్నాయి.

భూమి గుండ్రంగా ఉన్నదని పాఠ్యపుస్తకం చెబుతుంది, ఓడ చూపిస్తుంది. ఇసుక తీరాన నిలబడిన చిన్నపిల్లవానికి నింగీ నీరూ కలిసే గీత మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నీటికి 25 మీటర్ల ఎత్తున ఉన్న డెక్కు మీద నిలబడితే అదే గీత దాదాపు 18 కిలోమీటర్ల దూరం జరుగుతుంది. ఎదురుగా వచ్చే ఓడ ముందుగా పొగగొట్టంగా, తరువాత గదులుగా, చివరకు అడుగుభాగంగా పైకి లేస్తూ కనిపిస్తుంది. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లని తెలుసుకుంటే, ఓడ వేగాన్ని కిలోమీటర్లలోకి మార్చడం పదేళ్ళ పిల్లవానికి ఆటే. ప్రతి మధ్యాహ్నం ఓడ ఎక్కడ ఉన్నదో పటం మీద చుక్క పెట్టమంటే భూగోళం బడిలో కంటె బాగా వస్తుంది.

దీపాలకు దూరంగా ఉన్న డెక్కు మీద రాత్రి పెద్దవారి చేయి పట్టుకుని నిలబడితే, నగరంలో ఎన్నడూ చూడనన్ని నక్షత్రాలు. పగలు ఓడ చీల్చిన నీటి నుండి ఎగిరి, వెండి రేకుల్లా జారిపోయే ఎగిరే చేపలు. అదృష్టముంటే డాల్ఫిన్లు. ఆపైన, ఏమీ జరగని గంటలు. నేటి పిల్లలకు అన్నిటికంటె అరుదైనవి ఇవే. అవతల చూడడానికి నీరు తప్ప మరేమీ లేనప్పుడు తండ్రి తన చిన్ననాటి కథ చెబుతాడు. ఇంటిలో ఫోనుతో కూర్చునే అక్క తమ్ముడితో చదరంగం ఆడుతుంది. నాయనమ్మ వంటింటి నుండి విముక్తి పొంది మనవల మధ్య కూర్చుంటుంది.

అనుభవం ఉన్న నావికులు సముద్రానికి భయపడరు, దానిని నమ్మరు కూడా. రాత్రీ పగలూ ఓడ నడిపే గదిలో ఒకరు కాపలా ఉంటారు. ఒకరి వంతు ముగియగానే మరొకరు వచ్చి, పరిస్థితి అంతా విని, బాధ్యత తీసుకున్నానని చెప్పిన తరువాతనే మొదటివారు నిద్రకు వెళతారు. ఆ ఒక్కరి మెలకువ మీద వేయి మంది హాయిగా నిద్రపోతారు. పిల్లలతో ఓడ ఎక్కిన కుటుంబం ఆ పద్ధతినే తన కాబిన్‌లోనూ పాటిస్తే చాలును. మిగిలిన పని సముద్రమే చేస్తుంది.